కదిలేదంతా నాది కాదు

1

సాయంత్రం ఇస్తానని నరహరి నాకు మాటిచ్చాడు. చేతిలో చెయ్యి వేసి మరీ ఇచ్చాడు. పైన ఎండకు పిట్టలు రాలిపడుతున్న రోజులవి. నెత్తిన తడిగుడ్డలు కప్పుకుని జనమంతా గని మూతి దగ్గర లిఫ్టు కోసం బారులు తీరితే, నేను దిగనని మొండికేశాను. సాయంత్రం లేని చోట బతకడం నా వల్ల కాదన్నాను. చీఫ్ ఇంజనీరు నరహరికి నాతో చనువు ఎక్కువ. నవ్వాడు. కింద పొద్దు పొడవడం, పొద్దు గూకడం రెండూ ఉంటాయని, వెలుగు ముందు పసుపుబారి, తర్వాత ఎర్రబడి, మెల్లగా ఆరిపోయేట్టు తనే కడతానని చెప్పాడు. "నీ ఒక్కని కోసమన్న కడ్త, దిగు రాజలింగం" అన్నాడు. దిగాను.

గని అడుగున కట్టిన ఈ అడుగూరులో సాయంత్రం లేదు. బొగ్గు తీసి వదిలేసిన సొరంగాల, అంటే గ్యాలరీల, రాతి కప్పు కింద నరహరి తెల్లటి వెలుగు పరదా బిగించాడు. అది వెలిగితే పగలు, ఆరితే రాత్రి. ఆరే ముందు కాసేపు వెలుగు తగ్గించమని అడిగితే, అంత మేరకు తోటకూర మళ్ళు ఎదగవని ఊరి మండలి తేల్చింది. కూరాకు కోసం సాయంత్రాన్ని వదులుకున్న జనం మేమే. ఆ సభలో నరహరి తల దించుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు పోయాడు. లిఫ్టు దగ్గర బొమ్మ పెట్టారు. ముక్కు అతనిది కాదు.

ఇది కాపలా పుస్తకం. అడుగూరులో వయసు మళ్ళినవాళ్ళకు ఇచ్చే పని కప్పు కాపలా. రాతి కప్పుకూ పరదాకూ మధ్య ఎక్కడైనా నీరు ఊరితే తెలుపు మీద నల్లగా కనబడుతుంది. వెనకటి రోజుల్లో గనిలో పనిచేసినవాళ్ళు కర్రతో కప్పును తట్టి, చప్పుడు విని, రాయి గట్టిదో డొల్లదో చెప్పేవారట. పరదా వచ్చాక తట్టడం పోయింది. ఇప్పుడు గ్యాలరీకి ఇద్దరు ముసలివాళ్ళు మంచాల మీద వెల్లకిలా పడుకుని, పరదా వెలిగినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా చూస్తారు. చూసి, ఈ పుస్తకంలో 'కప్పు శుభ్రం' అని రాసి సంతకం పెట్టాలి. ఇంత పుస్తకంలో రెండు మాటలు. నేను బతుకంతా అచ్చుకు వెళ్ళే పుస్తకాల ప్రూఫులు దిద్దినవాణ్ణి. చుట్టూ అంత ఖాళీ జాగా వదిలేస్తే నా చెయ్యి ఊరుకోదు.

కప్పు శుభ్రం. రాజలింగం.

2

కప్పు శుభ్రం. నా కళ్ళే శుభ్రంగా లేవు.

మొదటి నలుసు నిరుడు వచ్చింది. ఇదే మంచం మీద పడుకుని ఉన్నాను. తెల్లటి పరదా మీద సిరా చిందినట్టు ఒక చుక్క, దాని వెనక ముడిపడ్డ వెంట్రుక లాంటిది ఒకటి కనబడ్డాయి. నీరు అనుకున్నాను. గంట కొట్టాను. ఆరో గ్యాలరీ జనమంతా చాపలు, చెంబులు, పసిపిల్లల్ని పట్టుకుని బయటికి పరుగెత్తారు. గని పనులు చూసే ఓవర్‌మన్లు నిచ్చెనలు వేసుకుని పరదాను ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమారు. అంతా ఎండుగా ఉంది. చుక్క మాత్రం నేను లిఫ్టు దగ్గరికి వెళ్తే లిఫ్టు తలుపు మీద కనబడింది. అన్నం ముందు కూర్చుంటే అన్నంలో కనబడింది.

కంటి డాక్టరు సుగుణాకర్ టార్చి వేసి చూశాడు. కంటి లోపల ఉండే జిగురు వయసుతో పలచబడుతుందట. అందులో పోగులు ముద్దకట్టి తేలుతాయట. మనకు కనిపించేవి వాటి నీడలట. లోపలి పొర చిరగలేదు, చూపు పోదు, మందు అక్కర్లేదు అన్నాడు. "అంతే" అని కూడా అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను అతన్ని ఈ జన్మలో క్షమించను.

అంతే ఎట్లా అవుతుంది? చారులో పురుగు పడితే తీసి పారేస్తాం. ఇది తీయడానికి లేదు. కళ్ళు కడుక్కున్నాను, రుద్దుకున్నాను, ఎర్రబడేదాకా నలుపుకున్నాను. కప్పగుడ్ల దారం లాంటిది ఒకటి కుడి కంట్లో చేరింది. నేను దాని వైపు చూస్తే అది పక్కకు జారుకుంటుంది, చూడకపోతే మెల్లగా మధ్యకు వచ్చి కూర్చుంటుంది. బూజు పోగు ఒకటి, చిరిగిన ఈగ రెక్క ఒకటి. పుస్తకం తెరిస్తే ప్రతి పుటా తప్పులతోనే కనిపిస్తుంది. లేని చోట చుక్క, లేని చోట గీత. చెయ్యి దానంతటదే దిద్దడానికి పోతుంది. నిద్ర లేవగానే గోడ వైపు తిరిగి, కొత్తవి వచ్చాయా, పాతవి పెరిగాయా అని వెతుక్కోవడం నా మొదటి పని అయింది. వెతికితే దొరకకుండా ఎందుకుంటాయి? దొరికాక రోజంతా వాటి వెంటే తిరుగుతాను.

నా తర్వాత మిగతా గ్యాలరీల ముసలివాళ్ళకూ మొదలైంది. అందరిదీ అదే వయసు, అదే తెలుపు. గంటలు మోగాయి, జనం పరుగెత్తారు, కప్పులన్నీ ఎండుగానే ఉన్నాయి. మండలి విసిగిపోయి గంటకు రెండు తాళ్ళు కట్టించింది. కాపలా వాళ్ళిద్దరూ కలిసి లాగితేనే సుత్తి లేస్తుంది. ఒక్కడు లాగితే తాడు చేతిలో సాగుతుంది, చప్పుడు రాదు.

3

కప్పు శుభ్రం.

ఊరట గదిలో పాఠానికి రమ్మని మళ్ళీ కబురు వచ్చింది. వెళ్ళాను. వెళ్ళకపోతే కాపలా పని తీసేస్తారు, పని లేనివాడికి కూరాకు సగమే.

సుగుణాకర్ ఇప్పుడు కళ్ళు చూడడం మానేసి మనసులు చూస్తున్నాడు. అతను ఒక చిన్న పుస్తకం కూడా రాశాడు. దాని ప్రూఫులు నా దగ్గరికే వచ్చాయి. 'ఆందోళన' అన్న మాటను మూడు రకాలుగా రాశాడు, మూడూ తప్పే. దిద్ది ఇస్తే, నా దిద్దుబాట్లలో నా ఆందోళన కనిపిస్తోందని నవ్వాడు.

పాఠం ఇది. తెలుపు మీద నలుపు కనబడిందా, కళ్ళు పైకీ కిందికీ తిప్పు. అది కదిలిందా, అయితే అది నీదే, వదిలెయ్యి. కదలకపోతే పక్కవాడికి చెప్పు. నీ నలుసుల గురించి ఎవరితోనూ మాట్లాడకు, మాట్లాడితే పెరుగుతాయి. నల్ల అద్దాలు, చీకటి మూలలు వెతుక్కోకు, దాక్కుంటే భయం బలుస్తుంది. భయం వేస్తే ఉన్న చోటే కూర్చుని, కళ్ళు మూసుకుని, ఊపిరి లెక్కపెట్టు. లెక్క పూర్తయ్యే దాకా లేవకు.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదని నాకు తెలుసు. అందుకే ఇంకా అసహ్యం. గదిలో చాపల మీద ముసలివాళ్ళంతా కళ్ళు తిప్పుతూ, ఊపిరి పీల్చి వదులుతూ, బడిపిల్లల్లా "కదిలేది నాదే" అని కలిసి అంటున్నారు. ఒకాయన తన నలుసుకు పేరు పెట్టి ముద్దుగా చెప్పుకున్నాడు. కంట్లో కుళ్ళిన పోగును ముద్దుచేసే ఆ మనిషి పక్క నుంచి నా చాప దూరంగా లాక్కున్నాను.

లస్మక్కకు మాత్రం ఈ పాఠం బాగా అబ్బింది. లస్మక్క నా జోడీ, కాపలా పట్టీలో జాడి లస్మవ్వ. ఆరో గ్యాలరీలో పక్క మంచం ఆమెది. పెనిమిటి గనిలోనే పోయాడు. ఆమె బియ్యం గోదాములో పనిచేసి, చేతకాక కాపలాకు వచ్చింది. నాకు వచ్చిన నెలకే ఆమెకూ నలుసులు వచ్చాయి. అప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చింది. ఇప్పుడు అడిగితే, "ఉన్నయేమో సారూ, నేనైతే చూస్తలేను" అంటుంది. నిజమే చెబుతోంది. ఆమె ముఖంలో ముడత కూడా కదలదు.

4

కప్పు శుభ్రం.

నా అరలో సాయంత్రం కట్టుకున్నాను. గ్యాలరీ గోడ వెంట దుప్పట్లు అడ్డం కట్టి చేసిన అరల్లో అందరం ఉంటాం. అరలకు విడిగా పైకప్పు లేదు, పరదా వెలుగు నేరుగా పడుతుంది. గోనె సంచులు విప్పి, కుట్టి, నాలుగు కర్రల మీద కప్పులా వేశాను. సంచులు లస్మక్కే గోదాము నుంచి తెచ్చి ఇచ్చింది. ఎందుకని అడగలేదు.

గోనె సందుల్లోంచి వెలుగు గోధుమరంగులో, పొడి పొడిగా దిగుతుంది. మొదటి రోజు దాని కింద కూర్చుని గోడ చూశాను. నలుసులు లేవు. అంటే ఉన్నాయి, కనిపించలేదు. చాలా కాలం తర్వాత పుస్తకం తెరిచి ఒక పుటంతా చదివాను. మంచి పుస్తకం కూడా కాదు. ఎక్కడా ఆగకుండా చదివాను.

కాపలా అయ్యాక లస్మక్క వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ఒళ్ళో చేట పెట్టుకుని అలసందలు ఒలుస్తుంది. పైన తాము ఉన్నప్పుడు పొద్దుగూకే వేళ గేదెలు ఇంటికొస్తే లేచే దుమ్ము ఇదే రంగులో ఉండేదని చెప్పింది. నేను చదివి వినిపిస్తే వింటుంది. నచ్చకపోతే మొహమాటం లేదు. "ఈయన ఒక్క ముచ్చటకు ఇంత సుట్టు తిరుగుడేంది సారూ, నేనైతే ఎప్పుడో చెప్పి పోదును" అంటుంది. ఆమె తీర్పులు నేను చదివిన విమర్శకుల్లో సగం మంది కంటే నయం.

ఒకరోజు ఆమె నాకు ఎదురుగా కూర్చుని చాలాసేపు నా ముఖం చూసి, ఇక్కడున్నప్పుడు మనిషిలా ఉంటావు, బయటికి రాగానే ఎవరో తరుముతున్నట్టు ఉంటావని అంది. నిజమేనన్నాను. ఆమె తల ఊపి మళ్ళీ అలసందలు ఒలిచింది. ఆ తల ఊపడాన్ని నేను సానుభూతి అనుకున్నాను. పండితులు పొరబడే చోట్లు ఇవే.

5

కప్పు శుభ్రం. గోనెలు పోయాయి.

ఇద్దరు ఓవర్‌మన్లు, వాళ్ళ వెనక సుగుణాకర్ వచ్చారు. సంచులు కప్పుకు అడ్డమని ఓవర్‌మన్లు అన్నారు. అడ్డం సంగతి సరే గానీ, దాక్కోవడం నాకే చెడు చేస్తుందని సుగుణాకర్ అన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే అతను లస్మక్క వైపు చూశాడు. లస్మక్క చేట పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. తనే చెప్పింది.

"నేనే చెప్పిన సారూ" అంది. "నీ మంచికే చెప్పిన. నేను గిట్లనే దాక్కుంటే ఇయ్యాల్టికి ఏడ్సుకుంటనే ఉందును. వెలుగుల ఉండు, అలవాటైతది."

నా మంచి కోరి నా బతుకు పాడుచేసినవాళ్ళ జాబితా చాలా పెద్దది. నా నవలను నా మంచికే వెయ్యలేదని చెప్పిన ప్రచురణకర్త, నా మంచికే వేరే ఇంటికి వెళ్ళిపోయిన భార్య, నా మంచికే లిఫ్టు ఎక్కించిన నరహరి. లస్మక్కను కూడా వాళ్ళ పక్కన నిలబెట్టాను. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు. పక్క పక్క మంచాల మీద పడుకుని ఒకే కప్పు చూస్తున్నాం. ఆమె రోజూ ఒలిచిన అలసందల్లో గుప్పెడు నా గిన్నెలో పోసి పోతోంది. నేను తింటున్నాను. ఆకలికి ఆత్మగౌరవం లేదు.

6

కప్పు గురించి ఈ పూట ఏమి రాయాలో నాకు తెలియలేదు.

పరదా వెలగగానే, ఆ చివర మూలలో, లస్మక్క అర మీదుగా, సన్నటి బూడిదరంగు పోగు ఒకటి కనబడింది. పాఠం ప్రకారం కళ్ళు తిప్పాను. పోగు జారింది. కళ్ళు ఆపాను. అది ఇంకాస్త జారి ఆగింది. నా కప్పగుడ్ల దారం కూడా అచ్చం ఇట్లాగే, కన్ను ఆగాక కూడా తేలుతూ పోతుంది. అయితే నాదే, వదిలెయ్యాలి.

కానీ నేను వదలడం నేర్చుకోనివాణ్ణి. ఏడాదిగా నా నలుసుల్ని ఒక్కొక్కదాన్ని పగవాణ్ణి గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకున్నాను. నావి సూటిగా చూస్తే పారిపోతాయి. ఇది పారిపోలేదు. చూస్తే చూడనిచ్చింది. కుడి కన్ను మూశాను, ఉంది. ఎడమ కన్ను మూశాను, అక్కడే ఉంది. రెండు కళ్ళకూ ఒకే చోట కూర్చునే నలుసు నాకు లేదు. పరదా వెనక పాకే నీరు కూడా కదులుతుంది, ఆ మాట పాఠంలో లేదు.

లస్మక్కతో మాట్లాడాను. ఇన్నాళ్ళ పంతం పక్కన పెట్టి, ఆ మూలకు చూడమన్నాను. ఆమె చూసింది. చెప్పిన ప్రకారం కళ్ళు పైకీ కిందికీ తిప్పింది.

"కదిలింది సారూ. నలుసే."

"నా నలుసు నీకెట్ల కనబడ్తది లస్మక్కా?"

"నీది నీకు కనబడ్డది, నాది నాకు కనబడ్డది."

"ఇద్దరికి ఒకటే మూలల ఎట్లుంటది?"

ఆమె కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నుదురు ముడిపడింది. అంతలో ఊపిరి తీసుకుని వదిలింది. నుదురు మళ్ళీ చదును అయిపోయింది. "గా ముచ్చట మాట్లాడితె పెరుగుతయన్నరు. ఊకో సారూ" అంది.

తాడు పట్టుకుని లాగాను. సాగింది. చప్పుడు లేదు. ఆమె తన తాడు ముట్టలేదు.

7

ఊళ్ళో అడిగాను. మళ్ళ దగ్గర పనిచేసే ఐలయ్యను ముందు అడిగాను. కండగల మనిషి, అతని కళ్ళకు ముసలితనం రాలేదు. తల దించుకుని, ఎవరూ వినడం లేదని చూసుకుని, ఆ మూలలో తనకు రెండు మూడు రోజుల నుంచి ఏదో పాకుతున్నట్టు ఉందని చెప్పాడు. "నాకు గూడ వచ్చినయేమో అనుకున్న సారూ. ఇంట్ల చెప్పలే. మండలికి తెలిస్తే మళ్ళ కాడి పని తీస్తరని భయం" అన్నాడు. అరటిమొక్కలకు నీళ్ళు పెట్టే ఆవిడ తనకూ ఉందంది, వదిలేశానంది, అదే మంచిదట. గ్యాలరీ చివర మగ్గం నేసే దంపతులు ఒకరికి తెలియకుండా ఒకరు చూస్తున్నారు. నా ముందే ఆ సంగతి బయటపడి ఇద్దరూ సిగ్గుపడ్డారు.

అందరికీ కనబడుతోంది. ఒకే మూలలో ఒకే పోగు. ప్రతివాడూ అది తన కంట్లోనే ఉందనుకుని, తన బలహీనత బయటపడకుండా కడుపులో దాచుకుని, కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెడుతున్నాడు. ఇంత మూఢత్వం నేను పురాణాల్లో కూడా చదవలేదు. రాక్షసుణ్ణి చూసి పారిపోయినవాళ్ళు ఉన్నారు, కాళ్ళ మీద పడ్డవాళ్ళు ఉన్నారు. రాక్షసుడు నా కంట్లో నలుసే అని సర్దుకుపోయినవాళ్ళు లేరు.

ఐలయ్యను సాక్ష్యానికి రమ్మంటే రాలేదు. ఒక్కణ్ణే సుగుణాకర్ దగ్గరికి వెళ్ళాను. మర్యాదగా కూర్చోబెట్టాడు. అందరికీ కనబడుతోందంటే, అందరినీ నేను అడిగాను కాబట్టి కనబడుతోందన్నాడు. ఒకరి భయం ఇంకొకరికి అంటడం తన పుస్తకంలోనే ఉందన్నాడు. ఉంది, నిజమే, ఆ పుటలో అచ్చుతప్పులు నేనే దిద్దాను. నిచ్చెన వేయించి చూడమని అడిగితే, ఇప్పుడు వేయిస్తే ఇన్నాళ్ళ పాఠం వృథా అవుతుందని, రేపు మళ్ళీ పది మంది గంట దగ్గరికి వస్తారని చెప్పాడు. అయినా నా తృప్తి కోసం వచ్చి తనే చూస్తానన్నాడు.

వచ్చాడు. నా మంచం మీద పడుకున్నాడు. మూల వైపు చూశాడు. కళ్ళు పైకీ కిందికీ తిప్పాడు. అతని ముఖం పాలిపోవడం నేను చూశాను. తర్వాత కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకున్నాడు.

"రాజలింగంగారూ, నాక్కూడా ఉన్నాయండీ" అన్నాడు, చాలా మెల్లగా, రహస్యం చెప్పినట్టు. "నేనూ ఎవరికీ చెప్పలేదు."

లేచి చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. కావాలని అబద్ధమాడి ఉంటే కనీసం తిట్టడానికి ఒక మనిషి దొరికేవాడు. మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు.

8

కాపలా అయింది. పోగు కాస్తా తాడంత లావైంది. దాని చివర పరదా ఉబ్బింది. లస్మక్కను చూడమన్నాను. చూడనంది. రెండో తాడు ఆమె చేతిలో పెట్టాను. వేళ్ళు మూశాను కూడా. ఆమె మెత్తగా వేళ్ళు విడదీసుకుని, నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, పసివాణ్ణి జోకొట్టినట్టు తట్టింది.

"నిన్ను చూస్తె నాకు పానం గుంజుతది సారూ" అంది. "గంత భయపడకు. ఎల్లిపోతది."

తన అరకు వెళ్ళి పడుకుంది. సరిగ్గా ఆ మూల కింద.

ఐలయ్య నీటి గొట్టాలు సర్దే దోటి మళ్ళ దగ్గర గోడకు ఆనించి ఉంది. కొసన కొడవలి ఉంటుంది. పరదా మీద చెయ్యి వేస్తే ఊరి వెలి అని గోడ మీద రాసి ఉంది. అక్షరాలు తప్పు లేకుండా ఉన్నాయి, నేనే దిద్దాను. దోటి ఎత్తి, ఉబ్బిన చోట గుచ్చి లాగాను.

ముందు చినుకులు. తర్వాత పరదా నిలువునా చిరిగి నల్లటి నీరు, బొగ్గు బురద, కుళ్ళిన గుడ్ల వాసన నా ముఖం మీద, నోట్లో, కళ్ళలో పడ్డాయి. చిరుగులోంచి రాతి కప్పు కనబడింది. ఇన్నేళ్ళలో మొదటిసారి చూశాను. పగులు ఎంత పొడవుందంటే అది రెండు వైపులా పరదా వెనక్కి పోయింది, చివర కనబడలేదు.

మధ్యాహ్నపు కునుకులో ఉన్న జనం వాసనకు లేచారు. వాసనకు కళ్ళు తిప్పే పాఠం లేదు. ఐలయ్య బురదను చూసి, పైకి చూసి, ఎవరికీ చెప్పకుండా పరుగెత్తి గంట దగ్గర ఒక తాడు పట్టుకున్నాడు, మగ్గం అతను రెండోది పట్టుకున్నాడు. గంట మోగింది. గ్యాలరీ ఖాళీ కావడం మొదలైంది. పైన రాయి పళ్ళు నూరినట్టు చప్పుడు చేస్తోంది.

నేను లస్మక్క అర దుప్పటి పక్కకు లాగాను. ఆమె లేచే ఉంది. నేల మీద బాసింపట్టు వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. నల్ల చినుకులు నెత్తి మీద పడి చెవుల పక్కగా కారుతున్నాయి. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది.

"లస్మక్కా, లే. నీళ్ళొచ్చినయ్. గంట వినబడ్తలేదా?"

"వినబడ్తున్నది సారూ." కళ్ళు తెరవలేదు. "జర ఆగు. లెక్క ఒడువనీ. మద్దెల లేస్తె మల్ల మొదటికొస్తది."

చెయ్యి పట్టుకుని లాగాను. బరువైన మనిషి, నేల మీద బరువంతా వేసి కూర్చుంది. కళ్ళు తెరిచి ఒక్కసారి చూడమన్నాను. నా నలుసు కాదు, నీ నలుసు కాదు, రాయి అన్నాను. ఆమె కనురెప్పలు ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి. ఐలయ్య వెనక నుంచి వచ్చి నన్ను నడుం దగ్గర పట్టి ఎత్తి లాక్కుపోయాడు. నేను అతన్ని కొట్టాను, కొరికాను. గ్యాలరీ మెడ దాటామో లేదో వెనక కప్పు కూలింది. గాలి మమ్మల్నిద్దర్నీ నేలకు కొట్టింది.

9

ఐదో గ్యాలరీ. కప్పు శుభ్రం.

ఆరో గ్యాలరీకి ఇటుకలతో మూత వేశారు. లోపల ఉండిపోయింది ఒక్కరే. మిగతా అందరూ బతికారని మండలి సంతోషం ప్రకటించింది. పరదా చించినందుకు నన్ను వెలివేయాలా, మెచ్చుకోవాలా అని రెండు రోజులు చర్చించి, రెండూ చేయకుండా ఇక్కడికి మార్చారు.

సుగుణాకర్ సభలో అందరి ముందు ఏడ్చాడు. తన పాఠంలో లోపం ఉందని ఒప్పుకున్నాడు. జనం కూడా ఏడ్చారు. అంత నిజాయితీ ఉన్న మనిషిని ఊరట గదికే కాకుండా కాపలాకు కూడా పెద్దగా వేయాలని ఎవరో అంటే, అందరూ చేతులెత్తి ఒప్పుకున్నారు. ఇప్పుడు కొత్త పాఠం: కదిలేది ఏది కనబడినా చెప్పు, ఏదీ దాచకు. గంటకు మళ్ళీ ఒక తాడే కట్టారు. పరదా వెలిగినప్పటి నుంచి ఎక్కడో ఒక చోట మోగుతూనే ఉంటుంది. జనం చాపలు చుట్టుకుని ఈ గ్యాలరీ నుంచి ఆ గ్యాలరీకి పరుగెడుతూ ఉంటారు. ఎవరి ముఖంలోనూ నిద్ర లేదు. నాకు ఏడాదిగా ఉన్న జబ్బు ఇప్పుడు ఊరందరికీ వచ్చింది. సంతోషించాలి. సంతోషం రాలేదు.

నా నలుసులు నాకున్నాయి. బొగ్గు నీళ్ళు పడ్డాక ఎడమ కంట్లో కూడా రెండు కొత్తవి చేరాయి. కప్పగుడ్ల దారం పొద్దున్నే మధ్యకు వచ్చి కూర్చుంది. ఇక్కడ నా జోడీ మంచం మీద కొత్తగా ఎవరో పడుకుంటున్నారు, పేరు అడగలేదు. ఆవిడ నాకు ఏదీ పెట్టదు, నేనూ ఏదీ చదవను.

ఐలయ్య నిన్న వచ్చాడు. చేతి మీద నేను కొరికిన గుర్తు ఇంకా ఉంది. ఎవరిది తప్పు సారూ అని అడిగాడు. నరహరి పేరు చెబుతానని అనుకున్నట్టున్నాడు, లేకపోతే సుగుణాకర్ పేరు. కాపలా వేళయిందని చెప్పి పంపేశాను.

ఇక్కడ రాస్తున్నాను. నరహరి పిరికివాడు, పిరికితనంతోనే పోయాడు, అతని లెక్క నేను మూసేశాను. మండలిని నిందించడమంటే తోటకూరను నిందించడమే. సుగుణాకర్ నమ్మినదే చెప్పాడు, నమ్మినదే చేశాడు. నా పక్కన పడుకుని అదే పోగును చూసి తను కూడా భయపడ్డాడు. వాళ్ళ మీద నాకు అసహ్యం ఉంది, అది నేనున్నంత కాలం ఉంటుంది. నింద వేరు. నిందించాలంటే ఆ మనిషికి నిజం తెలిసి ఉండాలి. అంతేకాదు, నిజం తెలిసి కూడా ఇంకోటి ఎంచుకుని ఉండాలి. నేను చూపిన మూలను చూసి, ఒకే మూలలో ఇద్దరికీ ఎట్లుంటుందని నేనడిగినప్పుడు, నుదురు ముడిచి నిజం దాకా వచ్చి, అక్కడ నుంచి వెనక్కి తిరిగి, ఊపిరి వదిలి, ప్రశాంతత ఎంచుకున్న మనిషి ఒక్కతే. కళ్ళు తెరువు అని నేను బతిమాలితే ఇంకా గట్టిగా మూసుకున్న మనిషి ఒక్కతే. నా గొంతు గుర్తుపట్టింది. గంట విన్నది. లెక్క పూర్తి కావాలంది.

నేను ఇంకా తప్పు పడుతున్నది ఆమెనే. జాడి లస్మవ్వను.